వాపసు వచ్చిన జొన్నరొట్టె

నా భర్తకు నలభై నిండకముందే గుండెపోటు వచ్చింది. వరంగల్‌లో స్టెంట్ వేసిన డాక్టరమ్మ, ఇంత చిన్న వయసులో వస్తే పిల్లలకూ సంక్రమించి ఉండొచ్చని, నాలుగో తరగతి చదివే మా పాపకు కూడా రక్తపరీక్ష చేయించమంది. పాపకు కొలెస్ట్రాల్ ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది.

"భయపడకండి. ఇప్పట్నుంచే తిండి మార్చండి. బేకరీవి, వేయించినవి తగ్గించి, పీచు ఉండేవి పెట్టండి. జొన్నలు, చిక్కుళ్లు, ఆకుకూరలు, జామకాయలు. పీచు కొంత కొవ్వును ఒంటికి పట్టనీయదు" అందామె.

మొదట్లో పాప అలిగింది, ఏడ్చింది. చిక్కుడు గింజల కూర కలిపి పెడితే, మెల్లగా జొన్నరొట్టెకు అలవాటుపడింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే ఒక సాయంత్రం టిఫిన్ డబ్బా ముట్టకుండా వాపసు వచ్చింది.

"ఏమైంది బిడ్డా?"

"టీచర్ తిననియ్యలే అమ్మా. క్లాసంత వాసనొస్తుందట. రేపట్నుంచి బ్రెడ్డో, నూడుల్సో తెచ్చుకొమ్మన్నది. అందరు నవ్విన్రు."

నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లారగానే మళ్లీ రొట్టే డబ్బాలో పెట్టి, పాపను తీసుకుని మా నర్సింహులపేటలో ఆటో ఎక్కి తొర్రూరులోని ఆ బడికి పోయాను. ఆఫీసు పక్కనే బడివాళ్ల దుకాణం. చిప్స్ ప్యాకెట్లు దండలుగా వేలాడుతున్నాయి.

"మా స్కూలుకు ఒక స్టాండర్డ్ ఉందమ్మా. ఆ రొట్టెలు ఇంటి దగ్గర పెట్టుకోండి" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఏం స్టాండర్డ్ సార్? పిల్లలకు చిప్సులు అమ్ముడా? నా పెనిమిటి గుండెల స్టెంటున్నది. నా బిడ్డకు గట్ల కావద్దని డాక్టరమ్మ చెప్తె రొట్టె పెడుతున్న. మీకు వాసనొస్తే కిటికీ తెరువుండ్రి!"

"జర మెల్లగ మాట్లాడమ్మా."

"మెల్లగ మాట్లాడ. నిన్న డబ్బా ముంగట పెట్టుకొని కడుపు మాడ్చుకొని కూసున్నది నా బిడ్డ!"

అరుపులు విని వరండాలోకి జనం చేరారు. అప్పుడు ప్రిన్సిపాల్ టీచర్‌ను పిలిచి, తిననివ్వమని చెప్పాడు. పాపకు మాత్రం ఎవరూ ఒక మంచి మాట చెప్పలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని, పాప తిన్నాకే ఇంటికి వచ్చాను.

కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ తగ్గింది. డాక్టరమ్మ సంతోషించింది. నా కోపం మాత్రం తగ్గలేదు. మా పాప ఇప్పటికీ బడిలో డబ్బా మూత సగమే తెరిచి, తల వంచుకుని తింటుందట.