దెబ్బల్లేని సంచికలు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు పొన్నూరు బస్టాండులో అందింది. నేను పాఠాలు చెప్పే బడికి వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉన్నాను. నాన్న ఫోను చేశాడు. వెనక ఆసుపత్రి వరండాలో ఎవరో బకెట్లు కడుగుతున్న చప్పుడు. చివరికి "అక్క లేదమ్మా" అన్నాడు. తెల్లవారాక నర్సు బీపీ చూద్దామని చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉందట. నిద్రలోనే వెళ్ళిపోయింది. కిడ్నీలు పాడై కొన్నేళ్ళుగా డయాలసిస్ మీద ఉంది కనుక ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినాలని తెలుసు. తెలిసి ఉండటం ఏ మాత్రం సాయపడలేదు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

మా అత్త గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో, పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. నల్లపాడులో స్టేషన్‌కి దగ్గరగా ఒక చిన్న పోర్షన్‌లో అద్దెకుండేది. పొదిలిలో ఉన్న మా బంధువులందరికీ ఆమె గురించి రెండు సంగతులు తెలుసు. ఆమె సూది గుచ్చితే నొప్పి తెలియదు. ఈ వయసులో కూడా బొమ్మల పుస్తకాలు చదువుతుంది.

రెండోది చెప్పేటప్పుడు అందరూ కాస్త నవ్వేవాళ్ళు. అవి ఇంగ్లీషు సూపర్‌హీరోల బొమ్మల పుస్తకాలు. వార్డులో కాలికి కట్టుతో పడుకున్న ఒక పిల్లవాడు ఇంటికి వెళ్తూ మంచం కింద ఒకటి వదిలేసి పోయాడట. టీ తాగుతూ అత్త దాన్ని తిరగేసింది. అలా మొదలైంది.

ఆ పుస్తకాల తీరు తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఒక్కో వీరుడి పేరు మీద నెలనెలా ఒక సంచిక వస్తుంది. తాత చదివిన వీరుడినే మనవడూ చదువుతాడు. ఆ వీరుడు ఎగురుతాడు, కొండలు ఎత్తుతాడు, ప్రతినెలా ఎవడో ఒక దుర్మార్గుడు ఊరు పగలగొడుతుంటే ఆపుతాడు. కానీ అన్నేళ్ళు నడిచిన కథలో ఎప్పుడో ఒకసారి ఎవరూ ఎవరినీ కొట్టని సంచిక ఒకటి వస్తుంది. వీరుడు చిన్నప్పటి పంతులమ్మ ఇంటికి వెళ్ళి కారుతున్న కుళాయి బాగుచేస్తాడు. ఇద్దరూ కూర్చుని చాలాసేపు మాట్లాడుకుంటారు. వాడెవరో ఆవిడకి తెలుసు, తెలిసినట్టు ఒక్కమాట అనదు. అంతే కథ. అత్తకి కావలసినవి అవే.

గుంటూరులో పాత పుస్తకాలు పేవ్‌మెంటు మీద పరిచి అమ్మే ఒకాయన దగ్గరికి డ్యూటీ దిగాక వెళ్ళేది. గబగబా పేజీలు తిరగేసేది. పిడికిళ్ళు కనపడితే పక్కన పెట్టేసేది. అలాంటి దెబ్బల్లేని సంచికలు వేరే ఎవరూ కొనరు కాబట్టి కొన్నాళ్ళకి ఆయనే ఆమె కోసం విడిగా దాచేవాడు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. ఆయన గోనె పట్టా కింద నుంచి ఒకటి తీసి, "నర్సమ్మగారూ, ఈ నెల మీవాడు ఖాళీగా కూర్చున్నాడండి" అని ఇచ్చాడు. అత్త ముఖం వెలిగిపోయింది.

చదివే ముందు చేతులు కడుక్కునేది, పేషెంటుని ముట్టుకునే ముందు కడుక్కున్నట్టే. గుర్తుకి కట్టు గుడ్డ పీలిక ఒకటి పెట్టుకునేది. ముందు సంచికలో ఏమైందో, తర్వాత ఏమవుతుందో ఆమెకి తెలిసేది కాదు. ఎక్కడివక్కడ తెగిన ముక్కలే దొరికేవి. అలా మధ్యలో చదివితే ఎట్లా అని నేను అడిగాను. "పేషెంట్లు మాత్రం మొదట్నించీ వస్తారా ఏమిటే నా దగ్గరికి? కథ మధ్యలోనే వస్తారు. మధ్యలోనే వెళ్ళిపోతారు" అంది.

వార్డులో పిల్లలకి ఆ కథలే తెలుగులో చెప్పేది. వాళ్ళు ఊరుకోరు కదా, ఫైటింగ్ ఎప్పుడని గోల పెట్టేవాళ్ళట. ఫైటింగ్ నిన్ననే అయిపోయిందని, ఇప్పుడు కట్లు కట్టే పని మిగిలిందని సర్దిచెప్పేది. ఒక సంచికలో బలశాలి అయిన ఒకావిడ, తనతో ఏళ్ళ తరబడి పోట్లాడిన శత్రువు ఆసుపత్రిలో ఉంటే వెళ్ళి పక్కన కూర్చుంటుంది, వాడిని చూడటానికి ఇంకెవరూ రాలేదని. వాడు మంచినీళ్ళు అడుగుతాడు. ఈ కథ అత్త ఎన్నిసార్లు చెప్పినా బొమ్మ గీసినాయన మీద ఒక ఫిర్యాదు చేసేది. తల కింద చెయ్యి పెట్టి ఎత్తకుండా గ్లాసు నోటికి ఆనిస్తే పొలమారదా అని.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నేను రాయాలనుకున్నది వేరే ఉంది. నాన్నని అడిగాను, రాయనా అని. "రాయమ్మా. అక్క గురించి రాస్తూ అది వదిలేస్తే ఎట్లా?" అన్నాడు.

నా చిన్నతనంలో ఒక ఏడు మా పత్తి మొత్తం పోయింది. కాయ పగలాల్సిన రోజుల్లో ముసురు పట్టింది, మిగిలిన కాయల్లో పురుగు చేరింది. నాన్న ఒక మధ్యాహ్నం చేలోకి వెళ్ళి పురుగుల మందు తాగాడు. పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు చూసి కేకలు వేయబట్టి బతికాడు. ఒంగోలులో చాలా రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. మనిషి వచ్చాడు గానీ మాట రాలేదు. గొంతుకేమీ కాలేదని డాక్టర్లు చెప్పారు. వసారాలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ అన్నం పెడితే రెండు ముద్దలు తిని మళ్ళీ గోడవైపు తిరిగేవాడు.

చూడటానికి వచ్చినవాళ్ళంతా మంచివాళ్ళే. పాస్టరుగారు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశారు. పెదనాన్న వచ్చి తిట్టాడు, పెళ్ళాం పిల్లలు గుర్తుకు రాలేదా అని. పొరుగువాళ్ళు ధైర్యం చెప్పారు, వచ్చే ఏడు చూసుకోవచ్చన్నారు. నాన్న వీపు మాత్రమే వాళ్ళకి కనపడేది. అమ్మ ఇంట్లో ఉన్న కత్తిపీట, కొడవలి, తాళ్ళు అన్నీ తీసి పక్కింట్లో పెట్టింది. కూర కోయాల్సి వచ్చినప్పుడు వెళ్ళి కత్తిపీట తెచ్చుకుని, పని అవగానే మళ్ళీ అక్కడ పెట్టి వచ్చేది. అదంతా నాకు అర్థమయ్యేది కాదు. అడగకూడదని మాత్రం తెలిసేది.

అత్త సెలవు పెట్టి వచ్చింది. వచ్చి, తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. నాడి చూసింది, దుప్పటి మార్చింది. మంచం పక్కన చాప వేసి, నన్ను కూర్చోబెట్టుకుని, సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. నాకు చదివి వినిపిస్తానంది. నిజానికి ఎవరికి చదువుతోందో ఇప్పుడు తెలుస్తోంది.

అది ఎగిరే వీరుడి సంచికే. దానికి ముందు నెలలో ఒక వంతెన కూలిందని మొదటి పేజీలోనే రాసి ఉంది. ఆ సమయానికి వాడు ఇంకోచోట ఇంకెవరినో కాపాడుతున్నాడు. బస్సు నదిలో పడిపోయింది. ఈ సంచిక అంతా మర్నాటి కథ. వాడు వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఊళ్ళో ఎక్కడెక్కడో సైరన్లు మోగుతుంటాయి, లేవడు. పేజీ తిప్పితే వాడు కూర్చునే ఉంటాడు. ఇంకో పేజీ తిప్పినా అంతే, కిటికీలో వెలుగు మాత్రం మారుతుంది. సాయంత్రం పక్కింటి ముసలావిడ తలుపు కొట్టి, నా వేళ్ళు సాగడం లేదు బాబూ అంటూ గంపెడు చిక్కుడుకాయలు వాడి ముందు పెట్టి పోతుంది.

అత్త అక్కడ ఆగి కళ్ళజోడు తుడుచుకుంది. మంచం కిర్రుమంది.

"ఆ బస్సులో వాళ్ళేమయ్యారు?"

నాన్న గొంతు. ఎన్ని రోజుల తర్వాతో. గోడవైపు నుంచి తిరగలేదు. వంటింటి గడపలో అమ్మ కదలకుండా నిలబడిపోయింది. అత్త తల కూడా ఎత్తలేదు, పుస్తకంలో చూస్తూనే చెప్పింది.

"పోయార్రా."

"అందరూనా?"

"అందరూ."

తర్వాత నాన్న మళ్ళీ అడిగాడు.

"మరి వీడేం చేశాడు?"

"చిక్కుడుకాయలకి ఈనెలు తీశాడు."

"అంతేనా?"

"ఈ సంచికకి అంతే."

నాన్న మెల్లగా ఇటు తిరిగాడు. ఆ బొమ్మ చూపించమన్నాడు. అత్త పుస్తకం అందించింది. ఆ చివరి పేజీలో అంత బలమున్నవాడు వంగి కూర్చుని ఒక చిక్కుడుకాయ ఈనె లాగుతుంటాడు. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత పుస్తకం పక్కన పెట్టి, ఇవాళ ఏం కూర అని అమ్మని అడిగాడు.

అమ్మ దొండకాయలని చెప్పింది. అప్పుడే పక్కింటి నుంచి తెచ్చిన కత్తిపీట ఆమె చేతిలో ఉంది. నాన్న లేచి కూర్చుని చెయ్యి చాపాడు. అమ్మ దాన్ని గుండెకి ఆనించి పట్టుకుని అత్త వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

"ఇవ్వమ్మాయ్" అంది అత్త.

అమ్మ కదల్లేదు. అత్తే లేచి అమ్మ చేతుల్లోంచి దాన్ని తీసుకుని నాన్న ముందు నేల మీద పెట్టింది. పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి జడ వేయడం మొదలుపెట్టింది. వసారాలోంచి దొండకాయలు తెగుతున్న చప్పుడు వస్తూనే ఉంది. జడ పూర్తయ్యాక మళ్ళీ విప్పి మళ్ళీ అల్లింది. అలా ఆ చప్పుడు ఆగి, నాన్న అమ్మని ఉప్పు ఎక్కడుందో అడిగేదాకా అల్లుతూనే ఉంది.

ఆ తర్వాత నాన్న ఒక్కసారిగా మామూలు మనిషి అయిపోయాడని రాస్తే అబద్ధం అవుతుంది. మాట వచ్చిపోతూ ఉండేది. పత్తి మానేసి గేదెల్ని పెట్టుకున్నాడు. బతికాడు. నాకు పెళ్ళి చేశాడు. నా కూతురికి ఈత నేర్పాడు. ఆ పుస్తకాన్ని చెదలు తినేశాయి.

పెద్దయ్యాక నేను అత్తని అడిగాను, ఆ రోజు అంత ధైర్యం ఎక్కడిదని. ధైర్యం కాదే, చచ్చేంత భయమేసింది అని చెప్పింది. "ప్రాణం కాపాడటానికి డాక్టర్లున్నారు. బతికినోడు మర్నాడు లేచి ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. నాకూ తెలీదు. ఏదో ఒక పని చేతిలో పెట్టాలనిపించింది, అంతే."

చివరి రోజుల్లో ఆమెకి చూపు మందగించింది. ఆదివారం ఆరాధన అవగానే నేను నల్లపాడు వెళ్ళి చదివి వినిపించేదాన్ని. ఆమె దగ్గర పుస్తకాలేవీ మిగల్లేదు, రిటైరయిన రోజునే అన్నీ వార్డుకి ఇచ్చేసింది. నేను ఫోనులో వెతికి పట్టుకెళ్ళేదాన్ని. నా తెలుగు ఆమెకి నచ్చేది కాదు. "వాళ్ళు మాట్లాడుకుంటున్నారే, నువ్వు పాఠం చెబుతున్నావు" అని విసుక్కునేది. డయాలసిస్ సూదుల కోసం చేతికి చేసిన ఫిస్టులా దగ్గర వాపు ఎక్కువైన ఒక ఆదివారం, ఆ వీరుడికి ఇప్పుడెంత వయసుంటుందని అడిగింది. ఆమె పుట్టకముందు నుంచీ నడుస్తున్న కథ, వాడు ఇంకా ముప్ఫైల్లోనే ఉన్నాడని చెప్పాను. చాలాసేపు కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

"పాపం, వాడికి రిటైర్మెంటు లేదు" అంది.

ఆమెని పొదిలి తీసుకొచ్చి మా తాత పక్కన సమాధి చేశాం. గుంటూరు నుంచి ఆసుపత్రి వాళ్ళు వచ్చి నిలబడి పాట పాడారు. నాన్న ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మట్టి వేశాడు. అందరూ ఆటోల్లో వెళ్ళిపోయాక నడిచి వస్తానన్నాడు. ఆ మౌనం చూసి నాకు భయం వేసి నేనూ వెంట నడిచాను.

దారి పక్కన కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మబ్బు పట్టి గాలి లేచింది. ఎవరో భార్యాభర్తలు గబగబా కాయలు కుప్పచేసి టార్పాలిన్ పట్టా కప్పుతున్నారు. ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల ఎగిరిపోతోంది. మాకు వాళ్ళెవరో తెలియదు. నాన్న చెప్పులు వదిలి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతోనే కల్లంలోకి దిగి ఎగురుతున్న మూలని పట్టుకున్నాడు. గాలి లాగుతుంటే దాని మీద మోకాళ్ళు ఆనించి, ఆఖరికి ఎక్కి కూర్చున్నాడు. చినుకులు మొదలయ్యాయి. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఆయన భుజాలు కదులుతున్నాయి. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

ఆ ఇల్లాలు చూసి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"కారం కళ్ళల్లో పడిందా అన్నా? కడుక్కో, తగ్గుద్ది."

నాన్న చెంబు అందుకుని ముఖం కడుక్కున్నాడు. చెంబు తిరిగి ఇచ్చేశాడు. వాన పెరిగింది. ఆ మూల మీద నుంచి లేవకుండా అలాగే కూర్చున్నాడు. పట్టా మీద చినుకుల చప్పుడు ఎక్కువవుతూ ఉంది. కింద కాయలు తడవకుండా ఉన్నాయి.