గంగాధరప్పకు నచ్చని రెండో భాగం

పెనుకొండ గంగాధరప్పకు బీడీ లేదు, పేకాట లేదు. ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ సంగతి ఎత్తినా దాన్ని ‘గిలకబావి దెయ్యం’ సినిమా దాకా లాక్కెళ్ళి, మొదటి భాగాన్ని పొగిడి, రెండో భాగాన్ని తిట్టిగాని వదలడు. ఆయన టాకీసులో ఆపరేటరు. మొదటి భాగం తొంభై మూడులో వచ్చింది, రెండోది రెండు వేల ఆరులో. ఈ రెంటి మధ్యా నలిగిపోయింది మాత్రం ఆయన భార్య రామాంజినమ్మ.

మొదటి దాంట్లో బావిలోంచి ఒక దెయ్యం లేచి ఇంటింటికీ తిరిగి కూర అడుగుతుంది. ఊళ్ళో ఎవరూ భయపడరు, విసుక్కుంటారు. ఒకామె అయితే వాకిలి ఊడ్చే పరక ఎత్తి, “చచ్చినాక గూడా సిగ్గు లేదా నీకు?” అని తరుముతుంది. ఆ షూటింగు పెనుకొండ కొండ కిందే జరిగింది. పరక ఎత్తింది గంగాధరప్ప పక్కింటి యల్లక్క, టాకీసు ముందర బొరుగుల బండి పెట్టుకునే మనిషి. ఆ సీను అర నిమిషం కూడా ఉండదు గాని దానికి ఊరంతా వంద రోజులు ఈలలు వేసింది.

రెండో దాంట్లో దెయ్యాన్ని కంప్యూటరులో చేశారు. అది బెంగుళూరు దాకా ఎగిరి, లిఫ్టులో ఇరుక్కుంది. పరక మాత్రం ఎవరో పట్నం నటి చేతికి పోయింది.

“దెయ్యమంటే నడిచి రావాల,” అంటాడు గంగాధరప్ప. “ఎగిరేదాన్ని కాకి అంటారు.”

ఒకరోజు రెండో భాగం మ్యాట్నీలో పొరపాటున ఆరో రీలు తర్వాత ఎనిమిదోది, ఆ వెనక ఏడోది ఎక్కించాడు. ఎవరూ అరవలేదు. ఇంకొకడైతే ఆ తప్పును కడుపులో పెట్టుకునేవాడు. ఈయన దాన్ని హిందూపురం నుంచి బత్తలపల్లి దాకా చాటాడు. “ముందుది వెనకేసినా తెలియని సినిమా అదొగ సినిమానా?”

ఇంట్లోనూ అదే గోల. రామాంజినమ్మ రెండో రొట్టె వేస్తే చాలు, “మొదటి దాంట్లో ఉండే రుచి దీంట్లో రాలేదే,” అనేవాడు. చిన్నకొడుకు వేణుకు ఒళ్ళు మండింది.

“నాయనా, సురేంద్రన్న తర్వాత నేను రెండో భాగమే గదా. నేనూ బాగలేనా?”

“నీకు డైరెక్టరు మారలేదు లేరా,” అన్నాడు గంగాధరప్ప.

రామాంజినమ్మ చేతిలోని గరిటె గురి తప్పలేదు.

నవ్వులాట ఎలా ఉన్నా, వేణు పెళ్ళి దగ్గర మాత్రం ఆమెకు ఏడుపొచ్చేది. హిందూపురం సంబంధం రెండో భాగం పాటల దగ్గర చెడింది. రొద్దం సంబంధం లిఫ్టు సీను దగ్గర చెడింది. మూడోది ధర్మవరంలో, పట్టుచీరల మగ్గాలున్న ముత్యాలప్ప కూతురు హరిత. వేణు ఆ పిల్లను ముందే చూసుకున్నాడు, చేసుకుంటే ఆమెనే అని కూర్చున్నాడు. బస్సులో రామాంజినమ్మ మొగుడి చేయి తన నెత్తిన పెట్టుకుంది.

“ఆ దెయ్యం మాట ఎత్తనని చెప్పయ్యా.”

“ఎత్తనులేవే,” అన్నాడు గంగాధరప్ప. పెద్దదిక్కుగా వెంటవచ్చిన యల్లక్క కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఎత్తింది ముత్యాలప్ప. కాఫీలు అయ్యాక తీరిగ్గా తొడ చరిచి, “ఆపరేటరంట గదా బావా! గిలకబావి రెండోది ఏముండాది బావా! ఆరుసార్లు చూసినా. ఆ పరక తిప్పేది చూడాల! మొదటి దాంట్లో యావామెనో పెట్టినారు, వాకిలి ఊడ్చినట్ల ఊపుతాది,” అన్నాడు.

చాప మీద యల్లక్క తల దించుకుంది. రామాంజినమ్మ మొగుణ్ణి గిల్లింది. ఆయన గిల్లించుకుంటూనే లేచి నిలబడ్డాడు.

“నువ్వు చూసింది సినిమా కాదు బావా, సర్కస్సు. మొదటి దాంట్లో ఆయమ్మ పరక ఎత్తితే టాకీసులో ముందు వరసోళ్ళు దెబ్బ తమకే తగుల్తాదని తలలు వంచుకున్నారు!”

వేణు నెత్తి పట్టుకున్నాడు. రామాంజినమ్మ మొగుణ్ణి పెరట్లోకి లాక్కెళ్ళింది.

“ఒగ్గ మాట! బాగుండాదని ఒగ్గ మాటంటే నీ సొమ్మేం పోయేది?”

“బాగుండాది గదే,” అన్నాడాయన, గొంతు తగ్గించి.

“ఏమి?”

“రెండోది. నాకు శానా ఇష్టం. లిఫ్టు సీనొస్తే క్యాబిన్లో కూచోలేక పొర్లి నవ్వుతా.”

“మరి ఇన్నేండ్లు తిట్టిందెందుకయ్యా?” అంది రామాంజినమ్మ.

“దానిగ్గూడా యల్లక్కను రమ్మన్నారే. కొత్త చీర కట్టుకొని బస్టాండులో రెండు దినాలు కూచునింది, జీపు రాలేదు. రిలీజు దినం టికెట్టు కొని చూసి, క్యాబిన్ కాడికొచ్చి అడిగె, ‘ఏమప్పా, నేను అంత బాగ చేయలేదా?’ అని. ఏం చెప్పేది? ‘థూ, నువ్వు లేంది అదొగ సినిమానా’ అన్నా. అన్నాక మాట మీద నిలబడాల గదా. ఈడ ఆమె ముందరే ఇంగో మాట ఎట్ల చెప్తా?”

కాళ్ళు కడుక్కోవడానికి వచ్చిన ముత్యాలప్ప చెంబుతోనే నిలబడిపోయాడు. చెంబు కింద పెట్టి, తిన్నగా లోపలికి పోయి, మూలనున్న పరక తెచ్చి యల్లక్క చేతికిచ్చాడు.

“తప్పయిపోయింది తల్లీ. ఒగసారి చూపించు.”

యల్లక్క కొంగు బిగించింది. “చచ్చినాక గూడా సిగ్గు లేదా నీకు?” అని ఆమె ఎత్తిన ఎత్తుకు ముత్యాలప్ప నిజంగానే తల వంచాడు. తలుపు చాటున హరిత పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైపోయింది.

పెళ్ళయిన వారానికి, హిందూపురంలో రెండో భాగం మళ్ళీ ఆడుతోందని విని రామాంజినమ్మే మొగుణ్ణి మ్యాట్నీకి బయలుదేరదీసింది. ఊరు కాని ఊరు గనుక గంగాధరప్ప ధైర్యంగా నవ్వాడు. లిఫ్టు సీనులో కళ్ళ నీళ్ళు పెట్టుకుని, ముందు కుర్చీని బాదాడు. ఆ కుర్చీలో అంతకంటే గట్టిగా నవ్వుతున్న ఆడమనిషి కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. యల్లక్క.

గంగాధరప్ప నవ్వు టక్కున ఆగింది. “ఎంత అధ్వానంగా ఉండాదో ఇంగోసారి చూసిపోదామని వచ్చినా అక్కా.”

“నేనూ అందుకే వచ్చినా లేప్పా,” అంది యల్లక్క, బొరుగుల పొట్లం వెనక్కి చాపుతూ. “కూచో, ఇప్పుడు పరక సీనొస్తాది.”