ఉంగరపు వేలి తప్పులు

ఉదయలక్ష్మి కుడిచేతి ఉంగరపు వేలు చివరి కణుపు దగ్గర కిందికి వంగి ఉండేది. అమీర్‌పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేసిన రోజున షట్టరు జారి పడి చితికిన వేలు అది. ఎముక అతుక్కుంది గాని, నిటారుగా అతుక్కోలేదు. ఆ వేలికి ఇక ఉంగరం ఎక్కదని తేలాక, భర్త హనుమత్ప్రసాద్ దాన్ని ఎడమచేతి వేలికి తొడిగి, వేలు వంగితే వంగింది, టైపు కొట్టడానికి ఉద్యోగమే లేదు కదా అని నవ్వించబోయాడు. షట్టరు పడిన రోజుతోనే ఇద్దరి ఉద్యోగమూ పోయింది. ఇన్‌స్టిట్యూట్ ఉన్న గదుల్లోకి కంప్యూటర్ కోర్సుల కోచింగ్ సెంటరు వచ్చింది.

ఆమె డిగ్రీ అయ్యాక తణుకు నుంచి వచ్చి, మధురానగర్‌లో హాస్టల్లో దిగి, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుందామని ఆ ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కింది. పాఠం చెప్పేది ప్రసాద్ గారు. గీత తప్పితే వేళ్ల మీద చెక్క స్కేలుతో తట్టేవాడు. గట్టిగా కాదు, గుర్తుండేటంత. ఆమెనూ తట్టాడు. ఆ తర్వాత పెళ్లి చేసుకున్నాడు, ఆమె కూడా అక్కడే టైపు నేర్పడానికి కుదిరింది. పెళ్లయ్యాక కూడా ఆమె ఆయన్ని మాస్టారూ అనే పిలిచేది. ఇంటికి వచ్చినవాళ్లు నవ్వితే, నేర్పినవాణ్ణి ఇంకేమని పిలుస్తానండీ అనేది.

ఇన్‌స్టిట్యూట్ పోయాక ఉదయలక్ష్మి ఇంట్లోనే పని పెట్టుకుంది. ఉపన్యాసాలు, మీటింగులు, టీవీ చర్చల రికార్డింగులు తెచ్చి విని టైపు చేసి ఇచ్చేది. వంకర వేలితో పాత వేగం రాలేదు. ఆ రోజుల్లోనే మాస్టారు కంప్యూటర్లో ఒక కొత్త లోకం కనిపెట్టాడు. ఎక్కడెక్కడి వాళ్లో సరదా కొద్దీ చిన్న చిన్న స్టెనో కీబోర్డులు తయారు చేసుకుని, ఏది మెత్తగా ఉంది, ఏది వేగంగా ఉందని వాదులాడుకుంటున్నారు. వీటి మీద అక్షరం తర్వాత అక్షరం కొట్టరు. హార్మోనియం మీద నాలుగు మెట్లు కలిపి నొక్కినట్టు మీటలన్నీ ఒక్కసారే నొక్కితే మాట మొత్తం పడుతుంది; ఆ ఒక్క నొక్కునే స్ట్రోకు అంటారు. ఎడమచేతి కింద మాట మొదలు, బొటనవేళ్ల కింద అచ్చులు, కుడిచేతి కింద మాట చివర. ఏ స్ట్రోకుకు ఏ మాట పడాలో చెప్పే డిక్షనరీ ఒకటి ఉండాలి. ఇంగ్లీషుకు అలాంటివి చాలా ఉన్నాయి. తెలుగుకు మాస్టారికి నచ్చినది ఒక్కటీ లేదు.

లేకపోతే రాద్దాం, అన్నాడాయన. తెలుగు షార్ట్‌హ్యాండ్‌లో తను నేర్పిన పద్ధతే పునాది చేసుకుని, క్రియల చివర్లు ఒక చోట, విభక్తులు ఒక చోట, గారూ అండీ ఒక చోట సర్దుకుంటూ పోయాడు. ఆయన మాట చెప్పేవాడు, ఆమె నొక్కి చూసేది, చేతికి ఒదిగితే డిక్షనరీలోకి ఎక్కేది. ఏళ్ల తరబడి వాళ్లింట్లో టీవీ బదులు నడిచింది ఇదే.

చిక్కల్లా ఆ వేలితో వచ్చింది. పై వరసలో మీట నొక్కబోతే దాని కిందదీ తగిలేది. 'వచ్చారు' అని పడాల్సిన చోట అర్థం లేని అక్షరాలు పడేవి. మాటిమాటికీ అలా జరిగేసరికి ఒక రోజు ఉదయలక్ష్మి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. స్కేలు దెబ్బల మనిషి ఏమంటాడో అని చూసింది.

"వేలు ఇక మారదు ఉదయా," అన్నాడాయన. "డిక్షనరీనే మారుద్దాం."

ఆ రోజు నుంచి ఆమె వేలు జారిన ప్రతి స్ట్రోకునూ ఆయన ఒప్పు కింద ఎక్కించాడు. 'వచ్చారు'కు అసలు స్ట్రోకు ఒకటి, ఆమె జారే స్ట్రోకు ఇంకొకటి, రెంటికీ అదే మాట. ఆ జారిన స్ట్రోకు అప్పటికే వేరే మాటకు ఇచ్చి ఉంటే, ఆ మాటనే లేపి ఇంకో చోట కూర్చోబెట్టేవాడు. ఇంకోటి పడిందిరోయ్ అంటూ ఉత్సాహంగా రాసుకునేవాడు. పోనుపోను ఆమెకు తన వేలు జారుతున్న సంగతే తెలియకుండా పోయింది.

డిక్షనరీ చాలావరకు అయ్యాక ఆ ఇంటికి దగ్గరైనవాడు తేజ. అదే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవాడు, వెనక సందులో హాస్టల్లో ఉండేవాడు. మాస్టారితో మాటలు కలిసి, హాస్టలు కూరలు పడక, వాళ్లింట్లో భోజనానికి అలవాటు పడ్డాడు. ఆయన్ని మాస్టారూ అనీ ఆమెను అక్కా అనీ పిలిచేవాడు. మాస్టారు గుండె పట్టుకుని కూలిపోయిన రోజు ఆటోలో ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది తేజే. పెద్దకర్మ నాడు భుజాన తువ్వాలు వేసుకుని అందరికీ వడ్డించి, ఆఖరి పంక్తిలో తను తిన్నాడు. ఉదయలక్ష్మికి సొంత తమ్ముళ్లున్నారు. ఆ రోజు వాళ్లు కూడా తేజనే పిలిచి ఏది ఎక్కడుందని అడిగారు.

మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోగలిగాక ఆమె డిక్షనరీని పెన్‌డ్రైవ్‌లో పెట్టి తేజ చేతికిచ్చింది. పదిమందికీ పనికొచ్చేలా ఉందేమో చూడమంది. పనికొస్తే ఊరికే ఇచ్చేద్దాం, పైన మాస్టారి పేరు ఉంటే చాలు, ఇంకేమీ వద్దు అంది. ఆయన జీవితంలో మిగిలినది అదొక్కటే. పిల్లలు లేరు. ఇన్‌స్టిట్యూట్ బోర్డు కూడా ఎప్పుడో పాతసామాన్లవాడికి పోయింది.

తేజ చాలా రోజులు తీసుకున్నాడు. ఒక సాయంత్రం వచ్చి, టీ తాగి, గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"బాధ పడకక్కా. ఇది మీ ఇద్దరికే నడుస్తది. లోపల మస్తు చెత్తుంది, ఒక్క మాటకు రెండు రెండు, మూడు మూడు. బయటోళ్లు వాడలేరు. నేను మొదటికెళ్లి కొత్తది రాస్తున్న."

ఆమెకు మాస్టారి తరఫున సిగ్గేసింది. చెత్త అన్నది తన వేలి గురించేనని తెలుసు. తన వేలి కోసం ఆయన పని మొత్తం పాడు చేసుకున్నాడని అనుకుంది. ఆ రోజుతో డిక్షనరీకి కొత్త మాటలు ఎక్కించడం మానేసింది. ఎవరైనా అడిగితే, ఆ, అదేదో సరదాకి చేశాం లెండి అనేది.

ఏడాది తిరిగాక అజీమ్ ఫోన్ చేశాడు. సనత్‌నగర్‌లో వాళ్ల మామూకు ప్లాస్టిక్ అచ్చుల షెడ్డు ఉంది. అజీమ్ అక్కడే ఒక మూల కూర్చుని కీబోర్డులు కట్టేవాడు. ఉదయలక్ష్మి ఇంట్లోనిది అతను కట్టిందే. ఆదివారం పంజాగుట్టలో కలుస్తున్నాం, మూడు బోర్డులు పక్కపక్కన పెట్టి చూద్దాం, నువ్వు రావాల్సిందే అక్కా అన్నాడు. తేజ భాయ్ కూడా తనది తెస్తున్నాడన్నాడు.

జిరాక్స్ దుకాణం పైన గది. మెట్రో రైలు పోయినప్పుడల్లా బల్ల మీద గ్లాసులు సన్నగా మోగేవి. న్యూస్ ఛానెల్లో సబ్‌టైటిళ్లు రాసే రవళి పేపర్లోంచి ఒక వార్త చదివింది. ఒక్కొక్కరూ మూడింటి మీదా అదే వార్త కొట్టాలి.

మొదటిది కంప్యూటర్లో ఆటలాడుకునే కుర్రాళ్లు కొనే మామూలు కీబోర్డు. మీటల మీద చదును బిళ్లలు అతికించారు. గట్టిగా ఉంది, చప్పుడెక్కువ. అందులో వేసినది మాస్టారి దగ్గర తెలుసుకున్న పద్ధతిలోనే, నేర్చుకునేవాళ్ల కోసం అజీమ్ కట్టిన చిన్న డిక్షనరీ. ఉదయలక్ష్మి మొదటి వాక్యంలోనే నాలుగు చోట్ల తప్పింది. చాలా ఏళ్ల తర్వాత తన వేలు తనకు కనిపించింది. ఇది మా అత్తగారిలా ఉంది, ప్రతి తప్పూ పైకి చదువుతోంది అంటే గది నవ్వింది.

రెండోది అజీమ్ కట్టింది. రెండు ముక్కలు, చేతికొకటి. ఊదితే దిగేటంత తేలిక మీటలు. డిక్షనరీ అదే. వేగం పెరిగింది, తప్పులూ పెరిగాయి. వేళ్లు ఊరికే ఆనించినా పడుతోంది జర, అని అజీమ్ తనే ఒప్పుకున్నాడు.

మూడోది తేజది. నల్లగా, పలకంత సన్నగా ఉంది. డిక్షనరీ బోర్డు లోపలే ఉంటుంది, ఏ కంప్యూటర్‌కు తగిలించినా అలాగే పనిచేస్తుంది, ఎవరూ తెరిచి చూడక్కర్లేదని తేజ అందరికీ చెప్పాడు. పద్ధతి అందరికీ తెలిసినదే, డిక్షనరీ మాత్రం మొదటి నుంచి తనే రాశానన్నాడు.

ఉదయలక్ష్మి చేతులు పెట్టింది. రవళి చదవడం మొదలుపెట్టింది. వచ్చారు, చెప్పారు, కోరారు, హామీ ఇచ్చారు. ఒక్కటీ తప్పలేదు. వార్త అయిపోయింది, ఇంకోటి చదవమంది. అదీ తప్పలేదు. గదిలో వాళ్లు మాటలాపి చూస్తున్నారు. ఆమె ముఖం వెలిగిపోయింది. ఇది నా చేతికే చేసినట్టుంది తేజా అంది. మీటల మధ్య ఎడం బాగా కుదిరింది కాబోలు, వేలు జారడం లేదనుకుంది.

జారుతోందా లేదా చూద్దామని కిందికి చూసింది. జారుతోంది. ప్రతిసారీ పై మీటతో పాటు కిందదీ దిగుతోంది. అయినా మాట సరిగ్గానే పడుతోంది.

ఆమె మీటల మీంచి చేతులు తీసేసింది. తర్వాత పక్కనున్న అజీమ్‌ను పిలిచి, 'వచ్చారు' కొట్టమంది. కొట్టాడు. ఇప్పుడు చిటికెన వేలు కింది మీటను తాకిస్తూ కొట్టమంది. పిచ్చి అక్షరాలు పడ్డాయి. మధ్య వేలు తాకించమంది. మళ్లీ పిచ్చి అక్షరాలు. ఉంగరపు వేలు తాకించమంది.

'వచ్చారు' అని పడింది.

అజీమ్ మీటల వైపు చూశాడు. ఆమె చేతి వైపు చూశాడు. అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. యా అల్లా అని నోట్లోనే అనుకుని లేచి, టీ తెస్తానని బయటికి పోయాడు.

ఆమె లేచింది. తేజను మెట్ల దగ్గరికి పిలిచింది. కింద జిరాక్స్ యంత్రం ఆగకుండా తిరుగుతోంది.

"ఇది మాస్టారిది కదా, తేజా."

అతను మొదట కాదన్నాడు. తర్వాత, కొంచెం అందులోంచి తీసుకున్నానన్నాడు. తర్వాత, ఎలాగూ నువ్వు వదిలేసినవ్ కదక్కా అన్నాడు.

"నువ్వు వదిలేయమన్నావు."

తేజ గోడకు ఆనుకుని తల దించుకున్నాడు. ఎట్ల తెలిసిందక్కా అని అడిగాడు. ఆ గొంతులో పశ్చాత్తాపం ఉందనుకుంది ఆమె. చెప్పింది. చెత్త అన్నావే, అవే అంది. షట్టరు పడిన సంగతి, ఆయన వేలి కోసం డిక్షనరీని మార్చిన సంగతి. అతను ఒక్కొక్కటే అడిగాడు. అన్నీ ఉంగరపు వేలివేనా, పై మీటకు కిందిది తగిలినవేనా, వేరే మాటలను ఎటు జరిపిండు అని. శ్రద్ధగా అడిగాడు. ఎప్పుడో మాస్టారి ఎదుట కూర్చుని అడిగినట్టే ఉంది. ఆమె కళ్లు తుడుచుకుంటూ అన్నీ విడమరిచి చెప్పింది. ఆయన పనిని ఎవరైనా ఇంత వివరంగా అడిగి ఎంత కాలమైందో.

"మాస్టారి పేరు పైన ఏస్తనక్కా," అన్నాడు తేజ. "జర టైమియ్యి."

ఆమె సరేనంది. ఆ రోజు పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచే వచ్చింది. కోపం కంటే తేలికదనమే ఎక్కువగా ఉంది. పేరుంటే చాలు, ఎవరు చేశామని చెప్పుకున్నా పర్వాలేదు అనుకుంది.

శ్రావణమాసంలో అజీమ్ ఇంటికి వచ్చాడు. సంచిలోంచి తేజ దగ్గర తెచ్చిన ఆ నల్ల బోర్డు తీసి బల్ల మీద పెట్టాడు. తేజ కొత్త డిక్షనరీ విడుదల చేశాడు, ఇందులో ఉన్నది అదే, పాతదాని కంటే శుభ్రంగా ఉందని అందరూ అంటున్నారు. పైన పేరు తేజదొక్కటే.

ఉదయలక్ష్మి బోర్డు తగిలించి చేతులు పెట్టింది. 'వచ్చారు' కొట్టింది. పిచ్చి అక్షరాలు. 'చెప్పారు' కొట్టింది. పిచ్చి అక్షరాలు. ఏ వేలి స్ట్రోకులు తీయాలో, ఏ మీట దగ్గర తీయాలో తను చెప్పినట్టే, ఒక్కటి కూడా మిగల్చకుండా తీసేశాడు.

"ఇప్పుడిది నిజంగా అతనిదే అజీమ్," అంది.

తర్వాత ఆమె తన దగ్గరున్న పాతదాన్నే మాస్టారి పేరు పెట్టి అందరికీ ఇచ్చింది. రవళి మంచి పిల్లే, చెడు ఉద్దేశం లేకుండానే అడిగింది, ఆంటీ, ఇది మన తేజ అన్నయ్యదే కదా, పాత కాపీనా అని.  ఉదయలక్ష్మి ఆదివారాలు పంజాగుట్ట గదికి మళ్లీ వెళ్లలేదు. తేజ ఒకసారి గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. అతనే నిలబడి నిలబడి వెళ్లిపోయాడు.

అజీమ్ మాత్రం వస్తూ ఉండేవాడు. తనకేదో బాకీ పడినట్టు ఆమె కీబోర్డుకు ఎప్పుడూ ఏదో ఒకటి బాగుచేస్తూ ఉండేవాడు. ఒక మధ్యాహ్నం కుడివైపు ముక్క విప్పి చూపించాడు. ఉంగరపు వేలి కింద రెండు మీటలనూ జర దూరం జరుపుతానన్నాడు. ఇక ఆ వేలు జారదు, ఎవరి డిక్షనరీ అయినా నడుస్తుంది, తేజది కూడా, అన్నాడు.

ఉదయలక్ష్మి స్క్రూడ్రైవర్ అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"వద్దు నాయనా. అక్కడే ఉండనీ. అది తగలాలి."

అజీమ్ మళ్లీ బిగించి ఇచ్చాడు. ఆమె చేతులు పెట్టి, చెవుల్లో రికార్డింగు పెట్టుకుని, ఆపిన చోటు నుంచి కొట్టడం మొదలుపెట్టింది.