పన్నెండు గంటల కరెంటు

రెండు వేల దశకం చివర్లో కడపలో పీహెచ్‌డీ చేసేదాన్ని. నా ప్రయోగం చూడటానికి చిన్నదే. రెండు గాజు గిన్నెలు, వాటి మధ్య కాగితమంత పలుచటి పొర. ఆ పొర సన్నటి రంధ్రాల్లో అయానిక్ ద్రవం నింపేదాన్ని. నిజానికి అదీ ఒక ఉప్పే, కాని మామూలు వేడిలోనే నూనెలా ఉంటుంది. ఒక గిన్నెలో లాంథనమ్, నియోడిమియమ్ అనే రెండు అరుదైన లోహాలు కరిగిన నీళ్లు. గుణాల్లో రెండూ అక్కచెల్లెళ్లే, అంత సులభంగా విడిపోవు. నియోడిమియమ్ ఒక్కటే పొర దాటి అవతలి గిన్నెలోకి పోవాలి. అందుకు పన్నెండు గంటలు నీళ్లను ఆపకుండా కలుపుతూ ఉండాలి.

ఎండాకాలం కడపలో పన్నెండు గంటల కరెంటు ఎక్కడిది? కలిపే యంత్రం మధ్యలో ఆగేది, ఆ రోజు లెక్కలన్నీ వృథా. ఏడోసారి గిన్నెల్లోని నీళ్లు పారబోశాక మా గైడు పిలిచారు.

"టాపిక్ మార్చుకోమ్మా. ఈడ ఇది అయ్యే పని కాదు."

"ఈ ఒక్క ఎండాకాలం చూడనీండి సార్," అన్నాను.

ఆదివారం కర్నూలు వెళ్లి, మా బట్టలంగట్లో కూర్చుని నాయనకు సంగతి చెప్పాను. ఆయన తలెత్తి అంగట్లోని ఇన్వర్టరు వైపు చూశారు.

"ఫ్యాను తిరగకున్నా గిరాకీ వస్తాది. నీది ఆగితే మళ్లా మొదటికే గదా. తీసుకపోదాం పా."

బస్సులో బ్యాటరీ ఎక్కించనన్నాడు కండక్టరు. "మా పాప చదువు దీని మీదుండాదప్పా," అని నచ్చజెప్పి, కడప దాకా దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు నాయన.

మర్నాడు పొద్దున ఆరింటికి మొదలుపెట్టాను. మూడుసార్లు కరెంటు పోయింది. యంత్రం ఆగలేదు. నాయన స్టూలు మీద కూర్చుని గిన్నెలనే చూస్తున్నారు.

"దాటుతాండాదా?"

"కంటికి తెలీదు నాయనా. హైదరాబాదుకు పంపాల. ఆడ మిషన్లో చూసి చెప్తారు."

రిపోర్టు రావడానికి రెండు వారాలు పట్టింది. నియోడిమియమ్ చాలావరకు దాటింది. లాంథనమ్ కూడా కొంచెం జారింది, కాని కొంచెమే. గైడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు.

"ఇంకో రెండుసార్లు ఇట్లనే వస్తే పేపరు రాద్దాం."

రెండుసార్లూ వచ్చింది. పేపరు మొదలుపెట్టి, ఇంకోసారి చూద్దామని చేస్తే, ఆ నాలుగోసారి మాత్రం పొరలోంచి ద్రవం కారిపోయి నీళ్లలో కలిసింది. ఎన్నో గంటకు కారిందో నోటుబుక్కులో రాసుకుని, కొత్త పొర కత్తిరించి నానబెట్టాను.