సీడీలు చదివే కాక

పక్కింటి కాక పోయాడన్న కబురు నాకు బడిలో ఉండగా తెలిసింది. మా ఆయన ఫోన్ చేసి, "కాక ఇగ లేడు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. నేను ఉలిక్కిపడలేదు. చలికాలం మొదట్నుంచీ ఫోన్ మోగినప్పుడల్లా ఆ మాటే వింటానని భయపడుతూ ఉన్నాను. పిల్లలకు చెబుతున్న లెక్క సగంలో ఆపి, బోర్డు తుడిచి ఇంటికి వచ్చేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో మా కాలనీ అంతటికీ కాకే, అంటే చిన్నాన్నే. బొగ్గుబాయిలో, అంటే గనిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక ముందుగదిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. మొదట్లో బాగుచేసినవాటికన్నా పాడుచేసినవే ఎక్కువ. నా కీబోర్డు ఒకటి ఆయన చేతుల్లోనే ప్రాణం విడిచింది. అడిగితే, "అది ముందుగాల్నే పోయింది బిడ్డ, నేను ఉత్తగ జూసిన" అన్నాడు.

నేను కొత్త లాప్‌టాప్ కొని చూపిస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీన్ల సీడీ ఏడ పెడ్తరు?"

"ఇప్పుడు సీడీలు ఎవరు చూస్తున్నరు కాకా? పాటలు, సినిమాలు అన్నీ ఫోన్లనే గద."

"పాటలకు వద్దు. దవాఖానోళ్లు ఇస్తరు గద, గవి ఏడ పెడ్తరు?"

మా దగ్గర బాయిలో బొగ్గుదుమ్ము పీల్చినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఛాతి స్కాన్ తీయించుకోక తప్పదు. తీసినచోట ఫిల్ముతో పాటు ఒక సీడీ కవర్లో పెట్టి ఇస్తారు. తర్వాత పెద్ద డాక్టరు ఆ పాత బొమ్మలు కావాలంటాడు. ఆయన కంప్యూటర్లో సీడీ పట్టదు, మన ఇంట్లో ఏ కంప్యూటర్లోనూ పట్టదు. అందుకే కాక ఒక పాత కంప్యూటరులోంచి డ్రైవు ఊడదీసి, వైరు బిగించి, దేనికైనా తగిలించేలా చేసుకున్నాడు. మందమర్రి లాంటి వేరే బాయిల ఊళ్ల నుంచి కూడా సీడీలు పట్టుకుని వచ్చేవాళ్లు. బొమ్మలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చేవాడు. "అందరికి అక్కెర లేదు. అక్కెర పడ్డోనికి ఇదొక్కటే దిక్కు" అనేవాడు.

మా కాలనీవాళ్లకు ఒక అలవాటుంది. సీడీ కనబడితే చాలు, దారం కట్టి చిక్కుడు పందిరికి వేలాడదీస్తారు. అది ఎండకు తళతళలాడితే కోతులు రావని నమ్మకం. కోతులు ఎలాగూ వస్తాయనుకోండి. కాక పొద్దున నడకకు పోతూ ప్రతి పందిరి దగ్గరా ఆగి, "ఇది పాటలదా, ఛాతిదా?" అని కేకేసి అడిగేవాడు. మేం నవ్వుకునేవాళ్లం. ఒకరోజు వెనక వరసలో నిజంగానే ఛాతిది దొరికింది. బాయిలో పనిచేసే ఆ ఇంటి అన్న స్కాన్ అది. కాక దాన్ని విప్పి, కడిగి, లుంగీ అంచుతో తుడిచి డ్రైవులో పెట్టాడు. అది గర్రుమని తిరిగి, ఆగి, మళ్లీ గర్రుమంది. సగం బొమ్మలే వచ్చాయి. ఆ అన్న ఇప్పుడు డ్యూటీకి పోవడం లేదు. గుమ్మంలో మంచం వేసుకుని, దారిన పోయేవాళ్లను చూస్తూ ఉంటాడు. ఆ తర్వాత మాలో ఎవరూ నవ్వలేదు.

కిందటి వానాకాలం కాక కూడా స్కాన్ తీయించుకున్నాడు. పాతది కూడా తెస్తేగాని ఛాతిలో మచ్చ పెరిగిందో, ఉన్నంతే ఉందో తెలియదని, మందు దాన్నిబట్టే అని డాక్టరు చెప్పాడు. పాత సీడీ ఇంట్లోనే ఉంది, డ్రైవూ ఇంట్లోనే ఉంది. ఒకసారి కరెంటు లేదన్నాడు, ఇంకోసారి వైరు వదులైందన్నాడు. ఊరివాళ్ల సీడీలను మాత్రం ఆ వైరుతోనే చదువుతున్నాడు. నాకు కోపం వచ్చి అడిగేశాను.

"పెడ్తే నాకు ఎరుకైతది బిడ్డ. గిన్ని ఛాతులు జూసిన."

"ఎరుకైతే మంచిదే గద కాకా?"

"తెలువకుంటనే ఇన్నేండ్లు బాయిల దిగిన. ఇప్పుడెందుకు?"

చలి మొదలయ్యాక ఒక పొద్దున తనే మా ఇంటికి వచ్చి సీడీని, డ్రైవును నా చేతిలో పెట్టాడు. "నువ్వు పెట్టు. నేను బయట కూసుంట." డ్రైవు చాలాసేపు తిరిగింది. కిటికీలోంచి ఆయన వీపు కనబడుతోంది, కదలకుండా ఆ చప్పుడే వింటున్నాడు. బొమ్మలు వచ్చాయి. నల్లటి దాంట్లో పిండి చల్లినట్టు తెల్లగా ఏదో ఉంది. నాకేమీ అర్థం కాలేదు, అన్నిటినీ పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. బయటికి వచ్చి, "అన్నీ వచ్చినయ్ కాకా" అన్నాను. "రాకేం, దాని మీద ఒక్క గీత పడనియ్యలే నేను" అని లేచి వెళ్లిపోయాడు.

డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, మందు మార్చాడు. కాక వెంట వెళ్లిన మా ఆయనను మాత్రం పక్కకు పిలిచి మాట్లాడాడు.

ఈ కాలనీలో కొందరికి వేళకు సరైన మందు పడిందంటే అది కాక పుణ్యమే. ఆ మాట బతికుండగా ఆయనకు మేమెవ్వరం చెప్పలేదు. ఇప్పుడు చెప్పుకుంటున్నాం.

దినాలు అయ్యాక చిన్నమ్మ, అంటే కాక భార్య, ఆ డ్రైవును తువ్వాలలో చుట్టి మా ఇంటికి తెచ్చింది. నాకు ఇవ్వడానికే తెచ్చిందనుకున్నాను. విప్పితే, దానితో పాటు కవర్లో ఒక కొత్త సీడీ ఉంది. మీద ఆమె పేరుంది.

"ఇదెప్పుడు తీయించుకున్నవ్ చిన్నమ్మా?"

"మీ కాక దవాఖానల ఉన్నప్పుడే. నా దగ్గు ఆయన దగ్గుల కలిసిపోయింది బిడ్డ, ఎవ్వలకు వినరాలే."

బొగ్గుదుమ్ము పట్టిన కాక బాయి బట్టలను రోజూ వాకిట్లో దులిపి ఉతికిన మనిషి ఆమె. డాక్టరుకే చూపిద్దాం, నువ్వు లోపల కూర్చో అన్నాను. ఆమె కుర్చీని లాప్‌టాప్ తెర ముందుకు లాక్కుంది.

"నేను జూడాలె. పెట్టు."

పెట్టాను. డ్రైవు తిరగడం మొదలైంది. చిన్నమ్మ కొంగుతో నోరు మూసుకుని, దగ్గు ఆపుకుంటూ, ఇంకా ఏమీ రాని తెరనే చూస్తూ కూర్చుంది.