ఆ గడిలో నా పేరు ఇంకా ఉంది

ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. పూజగదికి పాటించే మడి కన్నా దానికి పాటించే మడి ఎక్కువ. బెంగళూరు నగర్తపేటలో ఒక సందులో ఆ మడిని కాపాడినవాణ్ణి నేను. అప్పుడేం జరిగిందో ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. మా సంస్థ ఐదేళ్ళ సంచిక వేసినప్పుడు అడగలేదు, పదేళ్ళ సభ పెట్టినప్పుడూ అడగలేదు. సంచికలో ‘పేద మహిళల చేతికి కంప్యూటరు’ అని పెద్ద వ్యాసం, పక్కన ఫొటో. ఫొటోలో మా పెద్ద మేడం ఉంది, ఆఫీసు సారు ఉన్నాడు, పదకొండు మంది ఆడవాళ్ళున్నారు. కుడి అంచున ఒక మోచెయ్యి ఉంది. ఆ మోచెయ్యి నాది. (నీలం గీతల చొక్కా. మా అక్క పెళ్ళికి కుట్టించింది. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి పోల్చుకోవచ్చు, చొక్కా దాచే ఉంచాను.)

కొత్త శతాబ్దం అప్పుడే మొదలైంది. బెంగళూరంతా సాఫ్ట్‌వేరు మాటే. నాతో కోర్సు చేసినవాళ్ళు అద్దాల మేడల్లో చేరితే, నేను ఒక పట్టుదారం గోదాము మీది గదిలో చేరాను. పేదింటి ఆడవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేకుండా అర్జీలన్నీ కంప్యూటరు ద్వారా పంపుకోవాలన్నది మా సంస్థ ఆశయం. ఆ ఆశయానికి ఒకటే కంప్యూటరు, ఒకడే బోధకుడు. ఇంటర్నెట్టు ఇంకా మా మెట్లెక్కలేదు. నేను అర్జీలను ఫ్లాపీలోకి ఎక్కిస్తే, పెద్ద మేడం ఆ ఫ్లాపీని చేతిసంచిలో వేసుకుని, బస్సెక్కి వెళ్ళి సర్కారు ఆఫీసులో ఇచ్చి వచ్చేది. దాన్నే మేము ఈ-పాలన అనేవాళ్ళం. నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళను చాప మీద కూర్చోబెట్టి, “చూసి నేర్చుకోండి” అనేవాణ్ణి. కీబోర్డు మాత్రం ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. చేతులకు నూనె ఉంటుందని నా భయం. క్లాసు అయిపోగానే దాని మీద గుడ్డ కప్పేసేవాణ్ణి. ఆడవాళ్ళ చేతికి కంప్యూటరు ఇవ్వడమే నా ఉద్యోగమని అప్పట్లో నాకు నిజంగానే తోచలేదు.

వాళ్ళలో ఒకామెను కండెల అక్క అనేవాళ్ళం. దొడ్డబళ్ళాపురం మగ్గాలకు వెళ్ళే పట్టుదారాన్ని కండెలకు చుట్టేది. భర్త పోయి రెండేళ్ళయింది. కళ్ళు మసకబారి, తెగిన పోగుకు ముడి వేయలేకపోతోంది. వచ్చే నెల నుంచి రావద్దని షావుకారు చెప్పేశాడు. ఇక వితంతు పింఛను ఒక్కటే ఆమెకు దిక్కు. ఆమెతోపాటు ఇంకో పదిమంది అదే అర్జీ పెట్టుకోవడానికి వచ్చారు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఫారంలో ‘భర్త పేరు’ అని ఒక గడి ఉంది. అది నింపకపోతే తెర మీద ఫారం ముందుకు జరగదు.

“మీ ఇంటాయన పేరు చెప్పక్కా.”

“చెప్పేకి లేదప్పా.”

“ఆయన ఇప్పుడు లేడు కదక్కా?”

“మనిషి లేకపోతే పేరు లేకుండా పోతుందా?”

మొగుడి పేరు నోటితో అనకూడదన్నది ఆ సందు ఆడవాళ్ళందరి పట్టుదల. ఆ పదిమందిలో ఒకరైన బొరుగులమ్మే అత్త సాయానికి వచ్చింది. “ఏడుకొండలాయనుండాడు కదా, ఆయన పేరేప్పా. ముందర కొంచెం తీసేసి, ఎనక ఇంకోటి తగిలించుకో.”

“ఆ తగిలించేదేదో నువ్వు చెప్పత్తా!”

“నేనెట్ల చెబుతాను? మా ఇంటాయనదీ అదే పేరు!”

మూడు గంటలకు కరెంటు పోతుంది. అప్పటికే రెండు దాటింది. గడి దాటడానికి ఏదో ఒకటి కొడదాం, తర్వాత దిద్దుకుందాం అని నా పేరే కొట్టాను. ఫారం హాయిగా ముందుకు జరిగింది. మిగతా పదిమందీ అదే చిక్కు పెట్టారు, నేనూ అదే ఉపాయం చేశాను. చివరి అర్జీ ఫ్లాపీలోకి ఎక్కడమూ కరెంటు పోవడమూ ఒక్కసారే జరిగాయి. పెద్ద మేడం ఫ్లాపీ అందుకుంది. “మేడం, అందులో ఒక దిద్దుబాటు...” అన్నాను. “రేపు చూద్దాం, బస్సొచ్చేస్తుంది” అని మెట్లు దిగిపోయింది. (ఆ రేపు ఇంకా రాలేదు.)

రెండు వారాల తర్వాత విచారణకు ఆఫీసు నుంచి ఒక కళ్ళజోడు సారు వచ్చాడు. అంచులకు చిల్లులున్న పొడుగాటి కాగితం విప్పి నా పేరు చదివాడు. “నేనే సార్” అని బఠాణీల పొట్లంతో సహా ఉత్సాహంగా లేచాను. అంతవరకూ ఏ ఆఫీసువాడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు మరి.

“ఏన్రీ ఇదు? ఏమిటిది?” అన్నాడాయన కళ్ళజోడు సవరించుకుని. “పదకొండు మంది భార్యలు. పదకొండు మందీ వితంతువులు. నువ్వేమో బఠాణీలు తింటా నిలబడుండావు!”

నేను వివరించబోయాను. ఆయన అప్పటికే పదకొండు వరసల్లోనూ ‘భర్త సజీవంగా ఉన్నాడు’ అని రాసి, కింద సంతకం చేసేశాడు. చాప మీద నవ్వులు మొదలయ్యాయి. “రేపట్నుంచి పదకొండు ఇండ్లకూ నీళ్ళు మోయాల, తెలిసిందా!” అంది బొరుగుల అత్త. కండెల అక్క ఒక్కతే నవ్వలేదు.

“సార్, నా పింఛను?” అని అడిగింది.

“శుక్రవారం ఆఖరు. అప్పుడు మళ్ళీ వస్తాను. ఈ అబ్బాయి మాట నేను నమ్మను. ఎవరి భర్త పేరు వాళ్ళే నా ఎదుట తెలియజేయాలి. లేదంటే వచ్చే ఏడాదే.”

 ఆయన వెళ్ళాక కండెల అక్కే లేచింది.

“నోటితోనే చెప్పాలన్నాడా?”

“తెలియజేయాలన్నాడక్కా. కాగితం మీద రాసిచ్చినా సరిపోతుందేమో.”

“రాసేకి చెయ్యి తిరగదప్పా. మూడో క్లాసులోనే బడి మానినాను. చూస్తే అక్షరం గుర్తుపడతాను. దీంట్లో అయితే ఉండే అక్షరాన్ని ఒత్తేదే కదా? ఆ గుడ్డ తీయి.”

“పేరు అనకూడదంటివే?”

“నోటితో అనకూడదని మా అత్త చెప్పింది. వేలితో కొట్టకూడదని చెప్పలా. ఆమె ఈ పెట్టెను చూడనే లేదు.”

గుడ్డ తీశాను. మూడు రోజులు నా కుర్చీలో ఆమె కూర్చుంది, నేను చాప మీద కూర్చున్నాను. కీల మీద కన్నడ అక్షరాల చీటీలు అంటించి ఉండేవి. ఆమె ముఖం కీబోర్డుకు ఆనించినంత దగ్గరగా వంగి, ఒక్కొక్క అక్షరాన్నీ వెతికేది. దీర్ఘం తప్పిపోతే మొత్తం చెరిపి మొదటికొచ్చేది. “ఆ ఒక్కటే దిద్దక్కా, చాలు” అంటే వినదు. “పోగు తెగితే మళ్ళీ చుట్టేదే కదప్పా” అనేది. ఆమె అయ్యాక ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. బొరుగుల అత్త మాత్రం కండెల అక్క వేళ్ళనే చూసి పాఠం పూర్తి చేసింది. పేరు ఒకటే కాబట్టి ఆమెకు శ్రమ తప్పింది. కీబోర్డుకు నూనె అంటింది. అయినా అది చక్కగా పనిచేసింది.

శుక్రవారం కళ్ళజోడు సారు వచ్చి నిలబడ్డాడు. పెద్ద మేడం కెమెరా పట్టుకున్న మనిషితో వచ్చింది. కండెల అక్క మొదటి అక్షరం ఒత్తింది, రెండోది ఒత్తింది, మూడోది కనబడక ఆగింది. సారు గడియారం చూసుకున్నాడు. నేను ఉండబట్టలేక వేలు చాపి చూపించబోయాను. నా చేతి మీద చిన్న దెబ్బ పడింది.

“చెయ్యి తీయప్పా. ఇప్పటికే ఒకసారి పెట్టినావు.”

పక్కకు జరిగాను. ఆమె వెతుక్కుంది, ఒత్తింది. గడి నిండింది. (ఆ పేరు ఇక్కడ రాయను. ఆమె అనని పేరును నేను ఊరంతా చాటడం బాగుండదు.) సారు తెర మీద చూసి పైకి చదివి, “ఇదేనామ్మా?” అన్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఒక్కసారీ పలకని పేరు ముందు ఆమె తల దించుకుని, “ఊ” అంది. ఆ తర్వాత చాలాసేపు తెరనే చూస్తూ కూర్చుంది. సారు కూడా తొందర పెట్టలేదు. ఫొటో తీసింది అప్పుడే. నేను పక్కకు జరిగి ఉన్నాను కదా, మోచెయ్యి మాత్రం మిగిలింది.

పదకొండు మందికీ పింఛను వచ్చింది. కొత్త అర్జీలు చేర్చుకున్నారు గానీ పాతవి తీసేయలేదు. వాటిలో నేను ఇప్పటికీ పదకొండు మందికి భర్తను. మా మామగారు పెళ్ళిచూపుల నాడే ఈ సంగతి ఎక్కడో విని వచ్చాడు. ఆ కథ వేరు. నా పేరు తీసేయమని ఎనిమిది అర్జీలు పెట్టాను. జవాబు లేదు.

మొన్న తొమ్మిదోది పెట్టడానికి ఆ గదికే వెళ్ళాను. ఇప్పుడది సేవాకేంద్రం. కంటి ఆపరేషనయ్యాక వచ్చిన మందపాటి అద్దాల వెనక, కౌంటరులో కండెల అక్కే కూర్చుని ఉంది. చెప్పులు విప్పబోతే, “దానికేం మడి లేదు, లోపలికి రాప్పా” అంది. రెండు చేతులతో చకచకా కొడుతూ మధ్యలో ఆగింది.

“భార్య పేరు అడుగుతాండాది. పాతవి పదకొండు ఉండాయి. ఏది వేయమంటావు?”

చాపంతా నవ్వింది. (ఇప్పుడు చాప లేదు, బెంచీలు. నవ్వు మాత్రం అదే.) ఆమె నవ్వుతూనే అర్జీ నంబరు చీటీ ఇచ్చింది. జేబులో పెట్టుకుని మెట్లు దిగుతుంటే నాకూ నవ్వొచ్చింది. కీబోర్డుకు గుడ్డ కప్పి కాపలా కాసిన ఆ నీలం గీతల చొక్కావాణ్ణి తలచుకుని కాసేపు నవ్వుకున్నాను.

కానీ నవ్వితే ఊరుకున్నట్టు కాదు. చీటీ నా దగ్గర భద్రంగా ఉంది. ఆ ఆఫీసులో ఇప్పుడు ఎవరున్నా సరే, ఇది చదివితే సూటిగా జవాబివ్వండి: ఆ గడిలోంచి నా పేరు తీశారా, లేదా?