పదివేల నాలుగువందల మూడు గింజలు

మిష్తేకా కొండల్లో మా అన్నయ్య ఫిలెమోన్ మట్టి ఇటుకలు పోసేవాడు. ఏడేళ్లకే నాన్న మట్టి గుంటలోకి దించాడు, బడి గడప తొక్కనివ్వలేదు. అయినా ఏ సంఖ్య విన్నా అది సమానంగా విడుతుందో లేదో తేల్చందే ఊరుకునేవాడు కాదు. నల్ల చిక్కుడు గింజలు అన్నే ఎంచి, డాబా మీద వరుసకు ఇన్నని పేర్చేవాడు. చివరి వరుస నిండితే విడినట్టు, నిండకపోతే విడనట్టు. ఊరంతా నవ్వేది. ఒకే పొయ్యి మీద వండుకు తినే నేను ఇంకాస్త ఎక్కువే నవ్వేదాన్ని.

ఒకరోజు బడి మాస్టారు ఎవెలియో వచ్చాడు.

"పదివేల నాలుగువందల మూడు విడుతుందా, విడదా? ఊరి ముందు సరిగ్గా చెప్పావంటే శనివారాలు పిల్లలకు లెక్కలు నువ్వే చెబుదువుగాని."

అన్నయ్య చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

వరుసకు రెండు, మూడు, అయిదు, ఏడు... ఇలా నాలుగు నెలలు పేర్చాడు.

"నూటొకటి దాకా చూస్తే చాలే, సెవెరియానా. ఆ పైన పాతదాన్నే పక్కకు తిప్పి చూసినట్టు."

"నీ బుర్రను కూడా ఓసారి తిప్పి చూసుకో."

తొంభై ఏడు అయింది. నూటొకటి ఒక్కటే మిగిలింది. ఆ ఆదివారం అన్నయ్య లేనప్పుడు చుట్టాలు దిగారు. నా కుండ ఖాళీ. అన్నయ్య బుట్టలోంచి ఇరవయ్యేసి గింజలు నలభై రెండు కుప్పలు తీసి వండేశాను. మర్నాడు పొరుగింట్లో అడిగి తెచ్చి, మళ్లీ అలాగే కుప్పలు ఎంచి అన్నే కలిపేశాను. ఇరవై ఎంచడం నాకొకరు నేర్పాలా?

బుధవారం అన్నయ్య డాబా దిగి వచ్చాడు.

"చివరి వరుసలో ఒక్క గింజ తక్కువొచ్చిందే. ఒక్కటంటే ఒక్కటి. నువ్వేమైనా తీశావా?"

ఏ కుప్పలోనో పందొమ్మిదే పోసి ఉంటాను.

"నీ పుచ్చు గింజలు నాకెందుకు?"

"పోనీ, మొదట్నించీ ఓసారి ఎంచుతాను."

"ఎంచు. చెల్లెల్ని దొంగని చేసి మరీ ఎంచు!"

అన్నయ్య ఎంచలేదు.

ప్రార్థన అయ్యాక చర్చి ముందు నిలబడి, "విడదు మాస్టారూ" అన్నాడు.

"వరుసకు నూటొకటి, నూటమూడు వరుసలు. శుభ్రంగా విడుతుంది. నువ్వు ఇటుకలే పోసుకో నాయనా."

జనం విరగబడి నవ్వారు. నేను నవ్వలేదు. నోరూ విప్పలేదు, ఊరందరి నోళ్లూ మూయించగల దాన్ని.

ఇంటికొచ్చి బుట్ట పొయ్యి దగ్గర పెట్టి, "వండెయ్" అన్నాడు. అంతే. మళ్లీ గింజ పేర్చలేదు.

ఆ తర్వాత పన్నెండేళ్లు బతికాడు. ఇటుకలు ఎంచాల్సి వస్తే నన్ను పిలిచేవాడు.

"నాకు లెక్క నిలవదే. నువ్వు ఎంచు, నీది తప్పదు."

పోయే ముందు వారం మంచం మీంచి అడిగాడు, ఎండకు పెట్టిన ఇటుకలు ఎన్నున్నాయని. పక్కన ఎవరూ లేరు. ఆ గింజల సంగతి చెప్పేసి ఉండాల్సింది.

"మూడువందల పన్నెండు" అన్నాను.

"సరే" అని కళ్లు మూసుకున్నాడు.